నూట డెబ్బై డాలర్లు

మా మేనకోడలు ఐర్లండులో ఉంటోంది. కార్క్ నగరంలో ఉద్యోగం. ఆదివారం వచ్చి, ఆ రోజు వాన పడకపోతే చాలు... మొగుణ్ణీ పిల్లాణ్నీ కారెక్కించి ఏదో ఒక ఊరు చుట్టబెట్టేస్తుంది. అక్కణ్నుంచే మాకు ఫొటోలు పంపుతుంది. వాటిని ఫోన్లో పెద్దవి చేసి మా అమ్మకు చూపించడం నా డ్యూటీ.

ఆమధ్య ఒక ఫొటో పంపింది. చుట్టూ పచ్చిక. పైన మబ్బు పట్టిన ఆకాశం. మధ్యలో తళతళా మెరుస్తూ తొమ్మిది పెద్ద పెద్ద ఈకలు గుండ్రంగా నేలలో నాటినట్టున్నాయి. వాటి మధ్య మావాడు నిలబడి నవ్వుతున్నాడు. వాడు ఆ ఈకల్లో మూడో వంతు కూడా లేడు.

వెంటనే ఫోను.

‘‘మావయ్యా, అదేంటో చెప్పుకో చూద్దాం.’’

‘‘తామర పువ్వు.’’

‘‘కాదు.’’

‘‘దోసిలి పట్టినట్టుంది.’’

‘‘దగ్గరికొచ్చావ్. అది అన్నం గిన్నె మావయ్యా. గద్ద ఈకలతో చేసిన అన్నం గిన్నె!’’

పక్కనే కూర్చున్న అమ్మ వింటోంది. ఆవిడకి ఎనభై దాటాయి. ఫొటో వంక చూసి ‘‘ఎవరు పెట్టారే అన్నం? ఎవరు తిన్నారు?’’ అని అడిగింది.

మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్ళ వెనక్కి, రెండు దేశాలు దాటి వెళ్ళాలి.

ముందు ఆ బొమ్మ సంగతి. కార్క్ నగరానికి తూర్పున కొద్ది దూరంలో మిడిల్టన్ అని చిన్న పట్నం ఉంది. చుట్టూ పొలాలు, పశువులు మేసే బీళ్ళు. ఆ ఊరి చివర, ఏరు సముద్రపు పాయలో కలిసేచోట, రోడ్డు పక్కన బెయిలిక్ పార్కు. అందులో ఉంటుందీ బొమ్మ. పేరు ‘కైండ్రెడ్ స్పిరిట్స్’. మన మాటల్లో ఆత్మబంధువులు అనుకోవచ్చు. అలెక్స్ పెంటెక్ అనే శిల్పి తయారుచేశాడు. అంతా స్టెయిన్‌లెస్ స్టీలే. ఒక్కో ఈక ఎత్తు 20 అడుగులు. తొమ్మిదింటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. కాస్త ఎడంగా నిలబడి చూస్తే ఆ తొమ్మిదీ కలిసి ఖాళీ గిన్నెలా కనిపిస్తాయి.

మనకి రోడ్డు పక్కన బొమ్మలు కొత్తేం కాదు. ప్రతి కూడలిలోనూ ఒకరు చెయ్యి చాపి మనకి దారి చూపిస్తూనే ఉంటారు. గోదావరి జిల్లాల్లో అయితే పంట కాలవ గట్టుమీద కాటన్ దొర కనిపిస్తాడు. ఆయన మనవాడు కాకపోయినా అన్నం పెట్టాడని రైతులే బొమ్మలు పెట్టుకున్నారు. మిడిల్టన్ బొమ్మ కూడా అలాంటిదే. కాకపోతే అందులో మనిషి లేడు. ఈకలు మాత్రమే ఉన్నాయి. ఎందుకంటే ఆ అన్నం పెట్టింది ఒక మనిషి కాదు... ఒక జాతి. అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల, ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉండే చోక్టా అనే ఆదివాసులు. మనం చిన్నప్పుడు పుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని చదువుకున్నామే, వాళ్ళలో ఒక తెగ.

చోక్టాలు అడవుల్లో తిరుగుతూ బతికేవాళ్ళు కాదు. ఇప్పటి అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం ఉన్నచోట ఊళ్ళు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటూ తరతరాలుగా ఉన్నవాళ్ళు. ఆ నేల పత్తికి బాగుంటుందని తెల్లవాళ్ళ కన్ను పడింది. 1830లో ఆండ్రూ జాక్సన్ అమెరికా అధ్యక్షుడిగా ఉండగా ఆదివాసులను మిసిసిపీ నదికి అవతలకు తరలించే చట్టం చేశారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే చోక్టా పెద్దలచేత ఒడంబడిక మీద సంతకాలు చేయించుకున్నారు. కోటీ పది లక్షల ఎకరాలు పోయాయి. ఆ చట్టం కింద ఊళ్ళు వదిలి కదిలిన మొదటి పెద్ద తెగ వీళ్ళే.

1831 చలికాలంలో మొదటి జట్లు బయల్దేరాయి. దాదాపు 500 మైళ్ళ ప్రయాణం. కొంత దూరం పడవల మీద, కొంత బళ్ళ మీద, చాలామందికి కాలినడకే. దారిలో మంచు తుపాను పట్టుకుంది. ఇచ్చిన తిండి చాల్లేదు, కప్పుకోవడానికి కంబళ్ళు చాల్లేదు. మరుసటి ఏడాది బయల్దేరిన వాళ్ళకి కలరా ఎదురొచ్చింది. 1833 దాకా ఈ తరలింపు సాగింది. నడిచినవాళ్ళు పదిహేను వేలకు అటూ ఇటూ. వాళ్ళలో కనీసం రెండున్నర వేలమంది పోయారని చరిత్రకారుల అంచనా. ఇంకా ఎక్కువని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ దారికి ‘కన్నీటి బాట’ అని పేరు మిగిలిపోయింది.

ఫ్రాన్సు రచయిత అలెక్సిస్ ద తోక్విల్ సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో తిరుగుతున్నాడు. 1831 డిసెంబరులో మెంఫిస్ దగ్గర మిసిసిపీ ఒడ్డున చోక్టాలు పడవెక్కడం కళ్ళారా చూశాడు. ముసలివాళ్ళు, అప్పుడే పుట్టిన పసికందులు, గాయపడ్డవాళ్ళు. ఒక్కరూ ఏడవలేదట, ఒక్క మాటా లేదట. పడవలు కదిలాక మాత్రం ఒడ్డున మిగిలిపోయిన వాళ్ళ కుక్కలకు విషయం అర్థమైంది. ఒక్కసారిగా మోరలెత్తి ఏడ్చి, గడ్డ కట్టించే ఆ నీళ్ళలోకి దూకి, పడవల వెనక ఈదాయట.

(ఆ సంవత్సరాలు మనకీ మంచివి కావు. చోక్టాల చివరి జట్లు నడుస్తున్న 1832-33లోనే గుంటూరు సీమలో డొక్కల కరువు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనక నందన కరువనీ అంటారు. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది పోయారని పాత లెక్కలు.)

ఇక రెండో వైపు సంగతి. ఐర్లండు.

1845లో ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. నిన్న పచ్చగా ఉన్న మడి ఇవాళ నల్లబడేది. తవ్వితే భూమిలో దుంపకు బదులు కుళ్ళిన ముద్ద వచ్చేది. దుంప పోతే ఇంకోటి తినొచ్చు కదా అనిపిస్తుంది మనకి. కానీ అక్కడి కౌలుదారుకి ఇంకోటి లేదు. మంచి నేలంతా భూస్వాములది. వాటిమీద పండిన గోధుమా, ఓట్లూ శిస్తుకింద పోయేవి. మిగిలిన చెక్కలో ఇంటిల్లిపాదికీ సరిపోయేంత పంట ఇచ్చేది దుంప ఒక్కటే. అలా దుంప తప్ప వేరే తిండి లేని జనం ముప్ఫై లక్షలు. కరువు నడుస్తున్న రోజుల్లో కూడా ధాన్యం, పశువులు, వెన్న ఓడలెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి.

లండన్‌లో ఖజానా చూసే అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ఊరికే పెడితే జనం సోమరులైపోతారని ఆయన భయం. రాళ్ళు కొట్టిస్తే కూలి ఇస్తామన్నారు. కాళ్ళు నిలవని మనుషులు రాళ్ళేం కొడతారు? 1847 వేసవిలో గంజి కేంద్రాల్లాంటివి తెరిచి రోజూ ముప్ఫై లక్షల మందికి సూపు పోశారు. అది బాగానే పనిచేసింది. కానీ చలికాలం రాకముందే వాటిని మూసేశారు. పావు ఎకరం కంటే ఎక్కువ భూమి చేతిలో ఉన్నవాడికి సాయం లేదని రూలు పెట్టారు. అంటే గింజ కావాలంటే భూమి వదిలెయ్యాలి. 1852 నాటికి పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షలు, అంతకు మించి, ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1841లో 82 లక్షలున్న జనాభా 1851 నాటికి 66 లక్షలకు పడిపోయింది.

ఆ ట్రెవెల్యాన్ దొర మనకీ కొత్తవాడు కాదు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి ఓ ఏడాది పైచిలుకు ఏలాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీ కిందివే.

ఐర్లండు కరువు వార్త ప్రపంచమంతా పాకింది. 1846లోనే కలకత్తా నుంచి సుమారు 14,000 పౌన్లు వెళ్ళాయి. కంపెనీ కొలువులో ఉన్న ఐరిష్ సిపాయిలూ, ఉద్యోగులూ అందులో చెయ్యి వేశారు. విక్టోరియా రాణి 2,000 పౌన్లు ఇచ్చింది. అమెరికాలో ఊరూరా సహాయ సంఘాలు లేచాయి. అలా మెంఫిస్‌లో కూడా ఒక సంఘం ఏర్పడి కరపత్రం అచ్చువేసింది.

మెంఫిస్... పదహారేళ్ళ క్రితం కుక్కలు ఈదిన ఊరు.

ఆ కరపత్రం తిరిగి తిరిగి చోక్టాల కొత్త చోటుకు చేరింది. ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో స్కల్లీవిల్ అని ఒక ఊరు. ఆ పేరు వింటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి పుర్రె గుర్తొస్తుంది గానీ, దానికీ పుర్రెకీ సంబంధం లేదు. చోక్టా భాషలో ‘ఇస్కులి’ అంటే డబ్బు. ఒడంబడిక ప్రకారం ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము అక్కడే పంచేవాళ్ళు కనక అది డబ్బుల ఊరు అయింది.

1847 మార్చి 23న ఆ డబ్బుల ఊళ్ళో ఒక మీటింగు జరిగింది. ప్రభుత్వ ఏజెంటు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అధ్యక్షత వహించాడు. కరపత్రం చదివి వినిపించారు. ఎక్కడో సముద్రం అవతల, మీరెప్పుడూ చూడని ఒక దేశంలో జనం తిండి లేక చస్తున్నారు, సాయం చెయ్యండి అని దాని సారాంశం.

వింటున్నవాళ్ళకి ఆ మాటల్లో వివరించాల్సింది ఏముంది? రోడ్డుమీద పడి చావడమంటే ఏమిటో, ఇల్లు వదిలి నడవడమంటే ఏమిటో వాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? అక్కడ కూర్చున్నవాళ్ళలో తమవాళ్ళని దారిలో పూడ్చిపెట్టి వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు.

అప్పటికప్పుడు చందా వేశారు. 170 డాలర్లు పోగయ్యాయి.

ఏజెంట్లు, మిషనరీలు, వర్తకులు కూడా ఇచ్చారు. అందులో పెద్ద భాగం మాత్రం ఆదివాసులదేనని ఆనాటి పత్రిక రాసింది. ఇప్పటి లెక్కలో ఐదు వేల డాలర్ల పైమాట. ఆ సొమ్ము న్యూయార్కు సహాయ సంఘం ద్వారా సముద్రం దాటింది. ఐర్లండులో క్వేకర్లనే క్రైస్తవ సమాజం వాళ్ళు ఊరూరా తిరిగి సాయం పంచేవాళ్ళు. వాళ్ళ చేతికి చేరింది. అది ఏ ఊళ్ళో ఎవరి గిన్నెలో పడిందో గుర్తుపట్టే వీలు లేదు. మిడిల్టన్‌కని వేరే రాసిపెట్టి పంపిందేమీ కాదు. లక్షల పౌన్ల సాయంలో అదొక నలుసు.

ఇక్కడ ఒక సరదా సంగతి. చాలాకాలం ఈ చందా 710 డాలర్లని అందరూ రాసేవారు. 1934లో వచ్చిన ఒక చరిత్ర పుస్తకంలో అంకెలు అటూ ఇటూ అయ్యాయి. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు రాసుకుంటూ పోయారు. తర్వాత పాత కాగితాలు తీసి చూస్తే 170 అని తేలింది. సొమ్ము తగ్గింది కదా అని ఐర్లండులో ఎవరూ కృతజ్ఞత తగ్గించుకోలేదు. నాకైతే 170 అనే నిజమే ఎక్కువ నచ్చింది. లేనివాళ్ళ చందా లేనివాళ్ళ చందాలాగే ఉంది.

చోక్టాలను దేవతల్ని చేసి గూట్లో పెట్టక్కర్లేదు. వాళ్ళలోనూ ధనవంతులున్నారు. నల్లజాతి బానిసల్ని పెట్టుకుని వ్యవసాయం చేసినవాళ్ళున్నారు. ఆ బానిసలు కూడా అదే కన్నీటి బాటలో నడిచారు. ఒకవైపు మనిషిని కట్టేసి పని చేయించుకుంటూ, ఇంకోవైపు ముక్కూ మొహం తెలియని మనిషి ఆకలికి కరిగిపోవడం... మనుషులు అలాగే ఉంటారు కాబోలు. మంచిపని చేసినవాళ్ళంతా అన్నివిధాలా మంచివాళ్ళు కానక్కర్లేదు. కానీ మంచిపని మంచిపనే.

ఇంకో విషయం విన్నాక మా అమ్మ ఫోను వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. చోక్టాలను ఊళ్ళోంచి తరిమిన చట్టం మీద సంతకం పెట్టిన ఆండ్రూ జాక్సన్ ఉన్నాడే... ఆయన తల్లిదండ్రులు అమెరికాకు వలస వెళ్ళింది ఎక్కణ్నుంచో తెలుసా? ఐర్లండు నుంచే. ఉత్తరాన కారిక్‌ఫెర్గస్ దగ్గర్నుంచి.

అంటే తమని గెంటినవాడి కన్నవాళ్ళ దేశానికి వాళ్ళు చందా పంపారన్నమాట!

మీటింగులో ఆ మాట ఎవరైనా ఎత్తారా అంటే కాగితాల్లో లేదు. ‘వాళ్ళు మనకేం చేశారు?’ అని ఎవరైనా అడిగి ఉంటే ఆ 170 డాలర్లు పోగయ్యేవి కావు. ఇంత ఉన్న మనం ఎక్కడ భూకంపం వచ్చినా, ఎక్కడ వరద వచ్చినా ముందు అడిగే ప్రశ్న అదే కదా.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. నూట ముప్ఫై, నూట నలభై ఏళ్ళు ఆ సంగతి పుస్తకాల్లో నిద్రపోయింది. ఐర్లండుకి కరువు గురించి మాట్లాడుకోవడానికే చాలా కాలం పట్టింది. ఇంట్లో పోయినవాళ్ళ గురించి మాట్లాడుకోం చూడండి, అలాగ.

మళ్ళీ కదలిక వచ్చింది ఒక రోడ్డు దగ్గరే. ఐర్లండు పడమటన మేయో కౌంటీలో డూలాక్ అనే లోయ ఉంది. 1849 మార్చి నెలాఖరులో లూయిస్‌బర్గ్ ఊరి దగ్గర్నుంచి వందలమంది ఆకలిగొన్న జనం ఆ లోయలోంచి నడిచారు. ఇరవై కిలోమీటర్ల అవతల ఒక బంగళాలో సాయం మంజూరు చేసే అధికారులు కూర్చున్నారు, అక్కడికి రమ్మన్నారు. వెళ్తే, అధికారులు భోజనం చేస్తున్నారు ఆగమన్నారని చెబుతారు. చివరికి లేదు పొమ్మన్నారు. చలిలో వెనక్కి నడుస్తూ దారిలోనే చాలామంది రాలిపోయారు. ఇప్పుడు ఆ రోడ్డు పక్కన, చెట్టూ చేమా లేని కొండల మధ్య, ఓ రాతి శిలువ ఉంది. దానిమీద గాంధీగారి మాట ఒకటి చెక్కారు. తోటి మనిషిని కించపరిచి మనిషి తనకు గౌరవం దక్కిందని ఎలా అనుకోగలడా అని ఆయనకు ఆశ్చర్యమట. ఆ కొండల్లో మన గాంధీగారు!

ఆ దారిలో ఏటా కరువు నడక జరుగుతుంది. 1990లో ఆ నడకకు చోక్టాలు వచ్చారు. ఆ లోయలో ఐరిష్ వాళ్ళ పక్కన నడిచారు. ఆ బాకీ ఉంచుకోకుండా 1992లో ఐర్లండు నుంచి కొందరు అమెరికా వెళ్ళి చోక్టాలతో కలిసి కన్నీటి బాటను తిరగేసి నడిచారు. ఓక్లహోమా నుంచి మిసిసిపీ దాకా, అంటే ఇంటివైపు. ఆ నడకలో పోగుచేసిన సొమ్ము ఎవరికి ఇచ్చారు? చోక్టాలకి కాదు. అప్పుడు కరువుతో మాడుతున్న సోమాలియాకి. అదే ఏడాది డబ్లిన్ మేయరు భవనంలో చోక్టాల పేరున ఒక ఫలకం పెట్టారు. 1995లో ఐర్లండు అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ స్వయంగా వెళ్ళి వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పి వచ్చారు.

మిడిల్టన్ ఈకల బొమ్మ ఆ వరసలోదే. 2013లో పని అప్పజెప్పారు, 2015లో నిలబెట్టారు, 2017 జూన్ 18న ఆవిష్కరించారు. చోక్టా పెద్ద గ్యారీ బాటన్ తన వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మరుసటి ఏడాది ఐర్లండు ప్రధాని లియో వరద్కర్ ఓక్లహోమా వెళ్ళి, చోక్టా పిల్లలు ఐర్లండులో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ ప్రకటించారు. (వరద్కర్ తండ్రి మన ముంబయివాడన్నది మీకు తెలిసిందే.) 2024లో ఓక్లహోమాలో, చోక్టాల పాత రాజధాని టుస్కహోమాలో, ఈ బొమ్మకు జోడీగా మరో శిల్పం వెలిసింది. చేసింది చోక్టా శిల్పి శామ్యూల్ స్టిట్. పేరు ‘ఎటర్నల్ హార్ట్’. అంటే ఎన్నటికీ ఆగని గుండె.

వీటన్నిటికంటే నాకు నచ్చిన సంగతి 2020లో జరిగింది. కరోనా మొదట్లో అమెరికాలో నవాహో, హోపీ అనే ఆదివాసీ తెగలు బాగా దెబ్బతిన్నాయి. చాలా ఇళ్ళలో చేతులు కడుక్కోవడానికి కుళాయి నీళ్ళు కూడా లేవు. నీళ్ళకీ తిండికీ చందాలు కావాలని వాళ్ళు నెట్‌లో విన్నపం పెట్టారు. ఒక్కసారిగా ఎక్కడెక్కడి ఐరిష్ పేర్లతోనో డబ్బు వచ్చి పడటం మొదలైంది. పదీ, ఇరవై యూరోలు. వేలమంది. ‘1847లో మాకు చేశారు, మర్చిపోలేదు’ అన్నది వాళ్ళ మాట.

కానీ 1847లో ఇచ్చింది చోక్టాలు కదా? నవాహోలు వేరే తెగ. చోక్టాలకీ వాళ్ళకీ వెయ్యి కిలోమీటర్ల పైన దూరం. మరి అప్పు ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి తీర్చడమేమిటి?

అదే ఏడాది ఇంకోటి. లక్రాస్ అని వల కట్టిన కర్రలతో ఆడే బంతాట ఉంది. అది అమెరికా ఆదివాసుల ఆట. 2022 ప్రపంచ క్రీడల్లో ఆ ఆట కనిపెట్టినవాళ్ళ వారసులైన ఇరక్వాయ్ జట్టుకే మొదట చోటు దక్కలేదు. ఐర్లండు జట్టు తన చోటు వదులుకుని వాళ్ళకి ఇచ్చేసింది. ఇరక్వాయ్‌లు కూడా చోక్టాలు కారు.

ఇదంతా విని అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘‘మన స్వెట్టరు లాగే’’ అంది.

ఆ స్వెట్టరు కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకు చెప్పాలి.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పది వేలమందికి పైగా పోయిన ఉప్పెన. మేం ఒక మిద్దె ఎక్కి బతికాం. ఇల్లు లేదు, వడ్లు లేవు, కట్టుకోవడానికి పొడిబట్ట లేదు. నాలుగైదు రోజులకి లారీల్లో సామాన్లు రావడం మొదలైంది. ఒక లారీలోంచి పాతబట్టల మూట దించారు. అందులో మా అమ్మ చేతికి వచ్చింది ఒక చిన్నపిల్లల ఉన్ని స్వెట్టరు. ముదురు ఆకుపచ్చ రంగు. మా సీమలో అప్పటికి స్వెట్టరు వేసుకున్నవాళ్ళని నేను చూడలేదు. కొందరు నవ్వారు కూడా, ఇదెందుకు పంపారని. కానీ తడినేల మీద పడుకునే ఆ రాత్రుళ్ళలో మా చెల్లెలికి జ్వరం. అమ్మ దానికి ఆ స్వెట్టరు తొడిగింది. వారం రోజులు ఒంటిమీంచి తియ్యలేదు.

తర్వాత ఉతికేటప్పుడు చూస్తే, మెడపట్టీ లోపల దారంతో ఏవో అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఎవరో పిల్లో, పిల్లాడో... బడిలో తారుమారు కాకుండా వాళ్ళ అమ్మ కుట్టి ఉంటుంది. మా హిందీ మాస్టారికి చూపిస్తే ‘‘ఇది హిందీ కాదమ్మా’’ అన్నారు. అంతకు మించి తెలుసుకునే దారి లేకపోయింది. ఆ స్వెట్టరు ఇప్పటికీ అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. కలరా ఉండల వాసనేస్తూ.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2018లో కేరళ వరదలప్పుడు మా వీధిలోకి కాలేజీ కుర్రాళ్ళు డబ్బా పట్టుకుని వచ్చారు. నేను గుమ్మంలోనే ఆపేసి ‘‘ఆఫీసులో ఒకరోజు జీతం పట్టుకున్నారు బాబూ’’ అన్నాను. నిజమే. దాంతో ఆగకుండా, వాళ్ళు వెళ్తుంటే ‘‘ఈ డబ్బు ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు’’ అని కూడా గొణిగాను. అమ్మ లోపలినుంచి కర్ర ఊతంతో లేచి వచ్చింది. కుర్రాళ్ళని కేకేసి వెనక్కి పిలిచింది. పింఛను డబ్బుల్లోంచి ఐదొందలు తీసి డబ్బాలో వేసింది. వాళ్ళు పేరు అడిగితే చెప్పలేదు.

‘‘ఎందుకమ్మా, నేనిచ్చానుగా’’ అన్నాను.

‘‘నువ్విచ్చింది నీది. ఇది స్వెట్టరు బాకీ’’ అంది.

అప్పుడు నాకు అది ముసలావిడ చాదస్తంలా కనిపించింది. ఇప్పుడు మిడిల్టన్ కథ తెలిశాక సంగతి అర్థమైంది. నవాహోలకి డబ్బు పంపిన ఐరిష్ వాళ్ళు చేసింది అదే. సోమాలియా కోసం నడిచినవాళ్ళు చేసిందీ అదే. కొన్ని బాకీలు ఇచ్చినవాళ్ళకి తీర్చలేం. వాళ్ళు ఉండరు, లేదా ఎవరో తెలియదు. అలాంటి బాకీ ఎదురుపడిన ఇంకెవరికో తీర్చాలి. మా అమ్మ బడికి వెళ్ళింది మూడో క్లాసు దాకానే. ఆ లెక్క ఆవిడకి ఎప్పుడో వచ్చు.

‘‘ఇంతకీ ఆ డబ్బులిచ్చినవాళ్ళకి తెలిసిందా? గిన్నె బొమ్మ పెట్టారని?’’ అని అడిగింది అమ్మ.

‘‘వాళ్ళు ఎప్పుడో పోయారమ్మా. మనవళ్ళ మనవళ్ళకి తెలిసింది. వచ్చి చూసుకున్నారు’’ అన్నాను.

‘‘పోన్లే. ఎవరో ఒకరు చూశారు’’ అంది.

స్కల్లీవిల్‌లో ఇప్పుడు ఊరంటూ చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదు. పాత శ్మశానం ఉంది. ఆ రోజు చందా వేసినవాళ్ళు సముద్రం చూసి ఉండరు. ఐర్లండు ఎటువైపుందో కూడా వాళ్ళకి తెలిసి ఉండదు.

మొన్న మా మేనకోడలు మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి బడిలో ఇంటినుంచి ఏదైనా పాత వస్తువు తెచ్చి దాని కథ చెప్పమన్నారట.

‘‘అమ్మమ్మ దగ్గర ఆ స్వెట్టరు ఉంది కదా మావయ్యా... అమ్మ చిన్నప్పుడు వేసుకున్నది. ఫొటో తీసి పంపవా? మెడ దగ్గర అక్షరాలు కూడా పడేలా తియ్యి. వీడి క్లాసులో రకరకాల దేశాల పిల్లలున్నారు. ఎవరైనా చదవగలరేమో’’ అంది.

అమ్మకి చెప్పాను. లేచి ట్రంకుపెట్టె తాళం వెతకడం మొదలుపెట్టింది.